వకీలు బీరువాలోని యింటిగుట్టు

స్త్రీకి తల్లితో చెప్పుకొనని మాటలు కొన్ని యుండును. వైద్యురాలితో సగము చెప్పి సగము మ్రింగుకొను మాటలు మరికొన్ని యుండును. వకీలుతో మాత్రము దాపరికము సాగదు. కట్నమెంత యిచ్చిరి, మగడు ఏ రాత్రి ఏమనెను, గర్భము ఎన్నవ మాసమున పోయెను, పుట్టింటివారు ఏ పొలము తాకట్టు పెట్టిరి - ఇవన్నియు ఆయన యెదుట ఏకరువు పెట్టవలసినదే. పెట్టుటయే కాదు, కాగితముల నకళ్లతో రుజువు చూపవలసినదే. ఇంటిగుట్టు లంకకు చేటను సామెత మనలో నెరుగనివారు లేరు. ఐనను ఆ గుట్టంతయు మూటగట్టి, మన చేతులతోనే ఒక పరాయి గదిలోని బీరువాలో పెట్టి వచ్చుచున్నాము. ఇప్పుడా బీరువా కంప్యూటరులోనికి పోయినది. దాని తాళము ఎవరి చేతనున్నదని యడిగిన స్త్రీని నేనింతవరకు చూడలేదు.

మా ఎర్రుపాలెము ఖమ్మము జిల్లాకు దక్షిణపు కొసనున్న యూరు. రైలుదారిలో ఒకవైపు మధిర, ఖమ్మము; మరియొకవైపు విజయవాడ. ఊరు దాటి కొంతదూరము పోయినచో రాష్ట్రమే మారిపోవును. జమలాపురపు వేంకటేశ్వరుని దర్శనమునకు అటువారిటు వత్తురు. వైద్యమునకును వ్యాజ్యములకును మాలో ననేకు లటు పోదురు. అందుచేతనే మా వీధిలో ఒక యింట వకీలనినచో ప్రక్కయింట ప్లీడరందురు. ఈ సరిహద్దు సంగతి ముందు అక్కరకు వచ్చును గనుక చెప్పితిని.

మా పినతల్లి కూతురొకతె విడాకులకును మనోవర్తికిని దావా వేసినది. ఆమె పేరు చెప్పను; వకీలుగారి పేరును, ఆ పట్టణము పేరును చెప్పను. అది నలుగురైదుగురు వకీళ్లు కలసి నడుపు కార్యాలయము. అద్దాల తలుపులు, చల్లని గది, వచ్చిన కాగితమును వచ్చినట్లే కంప్యూటరున కెక్కించు గుమాస్తాలు. మా చెల్లెలు ఆధారు నకలు, బ్యాంకు పుస్తకము, ఆసుపత్రి చీటీలు, మగడు పంపిన సందేశములు అన్నియు అచ్చట నిచ్చినది. ఒక మధ్యాహ్నము ఆమెకు ఫోను వచ్చినది. మాటలాడినవాడు కోర్టు ఉద్యోగినని చెప్పి, దావా నెంబరు, వాయిదా తేదీ, తండ్రి పేరు, బ్యాంకు ఖాతా నెంబరు తప్పులేకుండ చదివినాడట. "మీ భర్త మనోవర్తి సొమ్ము కోర్టులో కట్టినాడమ్మా. అది విడుదల కావలెనంటే పద్దెనిమిది వేల ఐదువందలు ధరావతు పంపండి" అన్నాడట. ఇన్ని వివరము లెరిగినవాడు కోర్టువాడు గాక మరెవ్వడగును? పంపినది. వారము గడచిన పిమ్మట మరల ఫోను. ఈసారి మర్యాద లేదు. ఆమె అర్జీలోని నాల్గవ పుట ఛాయాచిత్రమును పంపి, "మీ అత్తవారి యూరి వాట్సాపు గుంపులో దీనిని పెట్టమందువా?" యని యడిగినాడు. ఆ పుటలో నేమున్నదో నేనును వ్రాయను.

రెండు దినము లామె ఎవ్వరితోను పలుకలేదు. అన్నము ముట్టకుండుట చూచి పినతల్లి నాకు కబురంపినది. పోయి అడిగితిని. "పైకము పోయినందుకు కాదక్కా. ఆ కాగితము నీకు గూడ నేను చూపలేదు. ఇప్పుడెవరెవరు చదివినారో!" అని గోడవైపు తిరిగి పడుకొన్నది. "పోనీలే అమ్మాయీ, నోరు మూసుకొని ఊరుకుంటే అదే చల్లబడుతుంది" అని పినతల్లి. నూరిండ్లలో తొంబదిండ్లు ఈ మాటయే అనును. బెదిరించువారి వ్యాపారమంతయు ఈ మాట నాధారము చేసికొనియే నడుచుచున్నది.

మరునాడు మే మిద్దరమును వకీలుగారి కార్యాలయమునకు పోతిమి. ఆయన మర్యాదస్థుడే. తమ కంప్యూటర్లలోనికి దొంగలు చొరబడి, ఫైళ్లకు తాళము వేసి, సొమ్ము అడిగిరనియు, ఇయ్యనందున కాగితములు కాజేసి పోయిరనియు ఒప్పుకొన్నాడు. ఇది జరిగి రెండు మాసములైనదట. "మరి మాకు చెప్పలేదేమండీ?" అని అడిగితిని. "చెప్పి ఏమి లాభమమ్మా, మీరు కంగారు పడుటయే గదా. మేమును నష్టపోయినవారమే. ఇది నలుగురిలో పెట్టినచో పోయేది మీ పరువే" అన్నాడు. దొంగ యన్నమాటకు నాకు భయము కలిగినది గాని, ఈ మాటకు కోపము వచ్చినది. ఆ రెండు మాసములలో ఒక్క ఉత్తరము వ్రాసియుండినచో ఆ మొదటి ఫోను వచ్చినప్పుడే ఆమె అనుమానించి యుండును.

గుట్టు ఎవరిది? నా దృష్టిలో ఈ వ్యవహారమంతటికి ఇదియే మూలప్రశ్న. కక్షిదారు చెప్పిన మాటను ఆమె యనుమతి లేక వకీలు బయట పెట్టరాదని 1872 నాటి సాక్ష్యచట్టము 126వ సెక్షనులోనే యున్నది. 2024 జులై 1 నుండి అమలులోనికి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమములో అది 132వ సెక్షను. వకీలు గుమాస్తాలకును, ఉద్యోగులకును, దుబాసీలకును ఈ కట్టడి వర్తించును. అనుమతి యిచ్చుట గాని మానుట గాని కక్షిదారు చేతిలోనిది. వకీలు కావలివాడు మాత్రమే. ఆయన తన నష్టమును మా గుట్టుతో కప్పుకొనజూచుట నాకు న్యాయముగా తోచలేదు.

కాగితము మన చేయి దాటినంతమాత్రమున దానిమీద మన హక్కు పోదని సుప్రీముకోర్టు చెప్పినది హైదరాబాదు నుండి పోయిన వ్యాజ్యములోనే. స్టాంపుచట్టమునకు 1986లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ చేసిన సవరణవలన, కలెక్టరు అధికారమిచ్చిన వారెవరైనను బ్యాంకులోనికి పోయి ఖాతాదారుల పత్రములు తనిఖీ చేయుటకు వీలు కలిగెను. కెనరా బ్యాంకు దీని నెదిరించినది. ఆ సవరణ చెల్లదని హైకోర్టు చెప్పగా 2004లో సుప్రీముకోర్టు దానిని సమర్థించినది. పత్రమును బ్యాంకునకు ఇచ్చినను అందులోని గోప్యత దానిని ఇచ్చినవానిదేయని తేల్చినది. 2017 ఆగస్టు 24న పుట్టస్వామిగారి వ్యాజ్యములో తొమ్మండుగురు న్యాయమూర్తులు ఏకగ్రీవముగా ఆంతరంగికతను ప్రాథమిక హక్కుగా ప్రకటించునప్పుడు ఈ తీర్పును గూడ పరిగణించిరి.

హక్కు మనదే. మరి దానిని గాయపరచినప్పుడు ఏ తలుపు తట్టవలెను? మాకు దారి చూపినది ఖమ్మములోని జిల్లా న్యాయసేవాధికార సంస్థ కేటాయించిన ఒక న్యాయవాదిని. 1987 నాటి న్యాయసేవల చట్టము 12వ సెక్షను ప్రకారము స్త్రీకి, ఆమె ఆదాయమెంతయైనను, ఉచిత న్యాయసహాయమునకు అర్హత కలదు. భద్రాచలపు అడవి పల్లెలోని కోయసోదరికిని, పట్టణములో జీతము తెచ్చుకొను ఉద్యోగినికిని ఇది సమానమే. 15100 నెంబరుకు ఫోను చేసినను దారి చెప్పుదురు. ఇది బీదలకు మాత్రమేనని మాలో ననేకు లనుకొందురు. అందుచే అడుగువారే తక్కువ.

ఆమె అడిగిన మొదటి ప్రశ్న, "1930కి చేసినారా?" అని. కంప్యూటరు మోసములో సొమ్ము పోయినవెంటనే చేయవలసిన ఫోను నెంబరది. దొంగ ఖాతానుండి మరియొక ఖాతాకు, అచ్చటినుండి ఇంకొక ఖాతాకు సొమ్ము పారకముందే దానిని స్తంభింపజేయుట ఆ నెంబరు పని. మొదటి గంటలో చేసినచో చాలవరకు దొరకవచ్చును. మేము చేసినది తొమ్మిదవ దినమున. ఐనను ఒక ఖాతాలో ఆరువేలు నిలిచి యుండెను. తెలంగాణములో 2024 నుండి ఇట్లు నిలిపిన సొమ్మును లోక్ అదాలతు ద్వారా సొంతదారునకు ఇప్పించు పద్ధతి యేర్పడినది. ఆ దారిని ఆరువేలు చేతికి వచ్చినవి.

తక్కిన పండ్రెండువేల ఐదువందల విషయమై బ్యాంకువారు చేతులెత్తిరి. ఇందులో సోదరీమణులు గ్రహింపవలసిన మెలిక యొకటి కలదు. ఖాతాదారు ప్రమేయము లేకుండ సొమ్ము పోయి, తప్పు ఆమెదిగాని బ్యాంకుదిగాని కానప్పుడు, కబురందిన మూడు పనిదినములలో ఫిర్యాదు చేసినచో ఆమెకు నష్టబాధ్యత లేదని 2017 జులై 6న రిజర్వు బ్యాంకు ఆజ్ఞాపించెను. కాని మోసపోయియైనను తానే స్వయముగా పంపిన సొమ్మును ఆ నియమము క్రిందికి తెచ్చుట కష్టము. వ్రేలిముద్రను దొంగిలించి తీసిన సొమ్మైనచో మాట వేరు. వ్రేలిముద్రను దొంగిలించుట యెట్లని ఆశ్చర్యపడకుడు. 2018లో పెద్దపల్లి జిల్లాకు చెందిన సిమ్ముకార్డుల వ్యాపారి యొకడు, రిజిస్ట్రేషను శాఖవారి దస్తావేజుల నకళ్లలోని వ్రేలిముద్రలను దింపుకొని, రబ్బరుతో అచ్చులు చేసి, పరుల పేర సిమ్ములు చెల్లుబాటు చేసినాడని పోలీసులు పట్టుకొనిరి. దస్తావేజు నకలు ఏ వకీలు కంప్యూటరులో లేదు? ఈ కారణముననే మా న్యాయవాదిని చెల్లెలి ఆధారుకు వ్రేలిముద్రల తాళము వేయించినది. అవసరమైనప్పుడు మనమే దానిని తెరచుకొనవచ్చును. ఆమె పేర ఎవరైనను అప్పు తీసినారేమోనని ఋణచరిత్ర పత్రమునుగూడ తెప్పించి చూచినది. ఏడాది కొకసారి ఉచితముగా ఇత్తురు.

తరువాత పోలీసు ఠాణా. ఫోను చేసినవాడెచ్చటివాడో తెలియదు, వకీలు కార్యాలయము వేరొక చోట, సొమ్ము పోయిన ఖాతా మరియొక చోట. "మా పరిధి కాదమ్మా" అనుమాట వినవలసి వచ్చునని నేను జంకితిని. భారతీయ నాగరిక సురక్షా సంహిత 173వ సెక్షనువలన ఇప్పుడే ఠాణాలోనైనను ఫిర్యాదు స్వీకరింపవలసినదే. పరిధి సంగతి తరువాత వారు చూచుకొందురు. కాదనినచో పై పోలీసు అధికారికి టపాలో పంపవచ్చును. అప్పటికిని కానిచో మేజిస్ట్రేటు నాశ్రయింపవచ్చును. మాకంత దూరము పోవలసిన పని లేకపోయినది. ఐ.టి. చట్టములోని 66సి, 66డి సెక్షనులను, బెదిరించి సొమ్మడిగినందుకు న్యాయసంహితలోని 308వ సెక్షనును చేర్చిరి. ఠాణాలో మా చెల్లెలు నాల్గవ పుట చూపుటకు వెనుదీసినది. స్త్రీ ఉద్యోగిని యొకతె వచ్చి, తలుపు దగ్గరగా వేసి, చదివి, ముఖమున ఏ భావమును కనబడనీయక కవరులో పెట్టి అంటించినది. ఆ ఒక్క మర్యాదతో మా పిల్ల ప్రాణము కొంత కుదుటబడినది.

వకీలుగారినిగూడ ముద్దాయిగా చేర్చవలెనని నేను పట్టుపట్టితిని. న్యాయవాదిని ఒప్పుకొనలేదు. ఒప్పందమునకు విరుద్ధముగా, హాని కలుగునని తెలిసి సమాచారమును బయటపెట్టినవారిని 72ఏ సెక్షను శిక్షించును. ఈయన బయటపెట్టలేదు, దోచుకొనబడినాడు. "ఏమరుపాటు వేరు, ద్రోహము వేరమ్మా. రెంటికి ఒకే తలుపు తట్టకూడదు" అన్నది.

ఇక ఆ ఏమరుపాటునకు తలుపులేవి? వినియోగదారుల ఫోరము అందరికి మొదట తట్టును. అది మూతబడినది. వకీలు సేవ వినియోగదారుల చట్టము క్రిందికి రాదని 2024 మే 14న సుప్రీముకోర్టు తీర్పు చెప్పెను. పట్టుచీర రంగు పోయినచో ఫోరమునకు పోవచ్చును, బ్రతుకు కాగితములు పోయినచో పోరాదు! తీర్పులోని తర్కము నేను చదివితిని. వకీలు కక్షిదారు చెప్పినట్లు నడుచుకొను మనిషి గనుక అది వ్యక్తిగత సేవా ఒప్పందమని దాని సారాంశము. గౌరవముతోనే చెప్పుచున్నాను, నాకు మనసొప్పలేదు.

సాధారణ సివిలు కోర్టు మాత్రము తెరచియే యున్నది. ఏమరుపాటునకై వేయు దావానుండి వకీలునకు మినహాయింపు లేదని 1926 నాటి న్యాయవాదుల ఫీజుల చట్టము 5వ సెక్షను చెప్పుచున్నది. గడువు సామాన్యముగా మూడేండ్లు. కాని కోర్టు రుసుము, వాయిదాలు, ఏండ్ల కాలము తలచుకొన్నచో పండ్రెండువేల కొరకు ఆ మెట్లెక్కువారెవరు?

బార్ కౌన్సిలు మరియొక తలుపు. 1961 నాటి న్యాయవాదుల చట్టము 35వ సెక్షను క్రింద దుష్ప్రవర్తనపై ఫిర్యాదు చేయవచ్చును. మందలించుట, కొంతకాలము వృత్తినుండి తొలగించుట, పేరు జాబితానుండి కొట్టివేయుట వారి చేతిలోనివి. ఏడాదిలో తేల్చనిచో అది అఖిలభారత కౌన్సిలునకు పోవును. ఇచ్చటనే మా సరిహద్దు అడ్డువచ్చినది. వకీలు పేరు ఏ రాష్ట్రపు జాబితాలో నున్నదో ఆ రాష్ట్రపు కౌన్సిలునకే వ్రాయవలెను. ఆయన కార్యాలయ మెచ్చటనున్నదన్నది ముఖ్యము కాదు. మా ప్రాంతమున కొందరి పేర్లు తెలంగాణములోను, కొందరివి ఆంధ్రప్రదేశములోను ఉండును. వకాలతునామాపై సంతకము క్రింద నున్న నమోదు సంఖ్యను చూచి తెలిసికొంటిమి. కంప్యూటరుకు తాళము సరిగా వేయకుండుట దుష్ప్రవర్తన యగునా యనుట వాదమునకు లోబడినదే. రెండు మాసములు కక్షిదారులకు చెప్పకుండుటపైననే మేము ఎక్కువ వ్రాసితిమి. ఈ దారిని పరిహారము మాత్రము రాదు.

పరిహారము కావలెనన్న ఐ.టి. చట్టము 43ఏ సెక్షను. సున్నితమైన సమాచారమును తగిన జాగ్రత్త లేక పోగొట్టిన సంస్థ నష్టము పూరింపవలెనని దాని యర్థము. సంస్థ యన్న పెద్ద కంపెనీయే కానక్కరలేదు. వృత్తిపని చేయు భాగస్వామ్యమును, ఒక్కడు నడుపు కార్యాలయమును గూడ వచ్చునని చట్టమే చెప్పుచున్నది. ఐదుకోట్ల రూపాయలవరకు కోరు అర్జీలను రాష్ట్రప్రభుత్వపు ఐ.టి. శాఖ కార్యదర్శి నిర్ణాయకాధికారిగా విచారించును. కోరిన మొత్తమును బట్టి రుసుము. నాలుగు మాసములలో, ఎంత ఆలస్యమైనను ఆరు మాసములలో ముగింపవలెనని 2003 నాటి నియమములు కోరుచున్నవి. ఇట్టి న్యాయపీఠమొకటి కలదని మా యూర ఎవ్వరికిని తెలియదు. నేనును అంతకుముందు వినలేదు.

అర్జీ వ్రాయుటకు కూర్చున్నప్పుడు, సున్నితమైన సమాచారమనగా నేమని న్యాయవాదిని 2011 నాటి నియమములు తెరచి చదివినది. సంకేతపదములు, బ్యాంకు ఖాతా వివరములు, దేహారోగ్యస్థితి, వైద్యపత్రములు, వ్రేలిముద్రల వంటివి, లైంగిక ప్రవృత్తి. అంతే. మగడు ఆ రాత్రి అన్న మాట ఇందులో లేదు. అత్తవారింట జరిగినది లేదు. ఒక స్త్రీ చచ్చినను బయటపెట్టనని అనుకొన్నది చట్టము దృష్టిలో సున్నితము కాదు, ఆమె ఖాతా నెంబరు సున్నితము! మా చెల్లెలు చాలసేపు మాటాడలేదు. ఆ తరువాత, "అయితే ఆసుపత్రి చీటీ పెట్టండి" అన్నది. ఆ చీటీ వైద్యపత్రము గనుక లెక్కకు వచ్చినది.

1955 నాటి హిందూ వివాహచట్టము 22వ సెక్షను దంపతుల వ్యాజ్యమును మూసిన తలుపుల వెనుక విచారింపవలెననియు, దాని వివరములు అచ్చువేసి ప్రకటింపరాదనియు చెప్పినది. మంచిదే. తప్పినవారికి శిక్ష వేయి రూపాయలవరకు జరిమానా. ఆ వేయి ఆనాడు వేయియే. ఈనాడు మా చెల్లెలిని బెదిరించినవాడు అంత కంటె ఎక్కువ ఒక్క ఫోనులో సంపాదించినాడు.

మరి పోయినది ఆ కార్యాలయమునుండియే యని రుజువేమి? దావా నెంబరును, వాయిదా తేదీని కోర్టుల సమాచారమునుండి ఎవ్వరైనను తెలిసికొనగలరు. అర్జీ నకలు కోర్టులోను, ఎదుటి పక్షమువారి యొద్దను గూడ నుండును. వకీలుగారి జవాబు ఇదే కాగలదని న్యాయవాదిని ముందే ఊహించినది. ఆమె దొంగ పంపిన నాల్గవ పుటను, కోర్టులో దాఖలైన నాల్గవ పుటను ప్రక్కప్రక్కన పెట్టి చదివినది. దొంగ పుటలో రెండు వాక్యములు అధికముగా నుండెను. "ఇవి వద్దండీ అని నేనే తీయించినాను" అని మా చెల్లెలు గుర్తించినది. ఆ రెండు వాక్యములు గల చిత్తుప్రతి లోకములో ఒక్కచోటనే యుండెను. అందుచేతనే చెప్పుచున్నాను, ఎంత అసహ్యమైనను ఆ సందేశములను ఫోనునుండి తుడిచివేయరాదు. వాటితోపాటు సాక్ష్యచట్టము 63వ సెక్షను కోరు ధ్రువపత్రము జతచేయవలెను.

వకీలును మార్చుటకు వెరచువారు కలరు. ఫీజు బాకీయున్నదని కాగితములు పట్టి యుంచునేమోయని భయము. వకీలుకు కక్షిదారు కాగితములను బాకీక్రింద పట్టుకొను హక్కు లేదని సుప్రీముకోర్టు 2000లో ఆర్. డి. సక్సేనా వ్యాజ్యములో తేల్చినది. బాకీయున్నచో వేరుగా దావా వేసికొనవచ్చును. మేము వ్రాసి యడిగితిమి, ఫైలు ఇచ్చినారు. పోయిన కాగితముల జాబితానుగూడ అడిగితిమి; అది మూడవ ఉత్తరమునకు గాని రాలేదు.

ఇట్టివి మనవద్దనే జరుగుచున్నవని అనుకొనకుడు. లండనులోని టక్కర్సు అను న్యాయవాద సంస్థపై 2020లో ఇటువంటి దాడియే జరిగి, 60 వ్యాజ్యముల కాగితములు దొంగల రహస్యపు అంగడి కెక్కినవి. 2022లో అచ్చటి సమాచారాధికారి ఆ సంస్థకు 98,000 పౌనులు జరిమానా వేసెను. అమెరికాలో ఆరిక్ అను గొప్ప సంస్థ ఇట్టి చౌర్యములలో చిక్కుకొన్న కంపెనీలకు సలహా చెప్పుటలో పేరుపొందినది. 2023లో దాని యిల్లే దోపిడియై ఆరులక్షలకు పైబడిన జనుల వివరములు పోయినవి. బాధితులందరి పక్షమున సామూహికముగా దావా నడచి, 2024లో ఎనుబది లక్షల డాలర్లకు రాజీ కుదిరెను. అమెరికాలోని మన పిల్లలు పాసుపోర్టులు, జీతపు కాగితములు, వివాహ ధ్రువపత్రములు వీసా వకీళ్ల కిచ్చియే యున్నారు. అట్టి సంస్థలనుండి ఉత్తరము వచ్చినచో చెత్తబుట్టలో వేయక చదువుడని చెప్పవలెను. దానిలో పరిహార మడుగుటకు గడువు తేదీ యుండును.

మన దేశమునను కొత్త చట్టము వచ్చినది. 2023 ఆగస్టులో ఆమోదము పొందిన వ్యక్తిగత సమాచార రక్షణ చట్టమునకు 2025 నవంబరులో నియమములు వెలువడినవి. ముఖ్యమైన బాధ్యతలు 18 మాసములకు, అనగా 2027 మే నెలనుండి అమలగునట్లు నిర్ణయించిరి. అప్పుడు సమాచారము పోగొట్టిన సంస్థ ఆలస్యము చేయక బాధితులకు తెలుపవలెను. 72 గంటలలో బోర్డునకు పూర్తి నివేదిక యీయవలెను. మా వకీలుగారు రెండు మాసములు దాచినట్లు దాచుట కుదరదు. కాపుదల లేకుండుటకు జరిమానా 250 కోట్లవరకు పోవచ్చును. అంకె చూచి సంతోషించితిని. ఆ తరువాత వరుస చదివి చప్పబడితిని. ఆ జరిమానా అంతయు కేంద్రప్రభుత్వపు సంచితనిధికి పోవును. బాధితురాలికి ఒక్క రూపాయి లేదు. పైగా ఆ తేదీనుండియే పరిహారము నిచ్చు 43ఏ సెక్షనును రద్దు చేయుటకు ఏర్పాటు జరిగినది. జరిమానా వేయుట దొరతనమునకు మంచిదే గాని, గాయపడినది ఒకరు, కట్టు కట్టించుకొనునది మరియొకరు అగుట ఏమి న్యాయమో చట్టము చేసినవారే చెప్పవలెను. 43ఏ క్రింద అడుగదలచినవారు ఆలస్యము చేయరాదు.

మా అర్జీ నిర్ణాయకాధికారి యెదుట నున్నది. ఆసుపత్రి చీటీ, ఖాతా వివరములు, ఆ రెండు వాక్యములు ఎక్కువైన నాల్గవ పుట, వకీలుగారి మూడవ జవాబు జతచేసితిమి. కోరినది రెండులక్షలు, ఎంత వచ్చునో, వచ్చునో రాదో చెప్పలేను. వకీలుగారు ఒక పర్యాయము మనిషిని పంపి ఏబదివేలకు ముగించుకొందమన్నారు. మా పినతల్లి "తీసుకో తల్లీ" అన్నది. మా చెల్లెలు ఆ మనిషినే అడిగినది: "మీవద్ద ఎందరి కాగితాలు పోయినాయండీ? వాళ్లందరికి ఉత్తరాలు వ్రాసినారా?" అతడు లేదన్నాడు. "ముందు అది వ్రాయండి, అప్పుడు మాట్లాడుదాం" అన్నది. ఆ ఉత్తరములు పోయినవని నెలదినముల క్రిందట తెలిసినది. మా మండలములోనే మరియిద్దరికి అందినవి. వారిలో నొకామె నిన్న మా యింటికి వచ్చి, 1930కి ఏమని చెప్పవలెనో వ్రాయించుకొని పోయినది.